పాత విండోస్ కంప్యూటర్‌కు పనికొచ్చే నామఫలకం: సిస్టమ్ ప్రాపర్టీస్‌ను మనకు తగ్గట్టు మార్చుకోవడం

విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్‌లో విండోస్ కీ, పాజ్ కీ కలిపి నొక్కితే సిస్టమ్ ప్రాపర్టీస్ తెరుచుకుంటుంది. మై కంప్యూటర్ మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్ ఎంచుకున్నా అదే వస్తుంది. జనరల్ ట్యాబ్‌లో పైన విండోస్ పేరు, సర్వీస్ ప్యాక్, మధ్యలో ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో, కింద ప్రాసెసర్, ర్యామ్ కనిపిస్తాయి. కంపెనీ కంప్యూటర్ అయితే ఎడమవైపు లోగో, దాని పక్కన తయారీదారు పేరు, సపోర్ట్ ఇన్ఫర్మేషన్ అనే బటన్ కూడా ఉంటాయి. విడిభాగాలతో కూర్చిన కంప్యూటర్‌లో ఆ చోటంతా ఖాళీ.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. ఆ బటన్ వెనక ఉన్న సహాయ కేంద్రం నంబర్‌తో ఇప్పుడు పెద్దగా పనిలేదు. అదే చోట మదర్‌బోర్డ్ మోడల్, ఏ రకం ర్యామ్ పడుతుంది, డ్రైవర్లు ఏ ఫోల్డర్లో ఉన్నాయి, బోర్డు మీది బ్యాటరీ ఎప్పుడు మార్చారు అని రాసిపెట్టుకుంటే, రేపు ఆ కంప్యూటర్‌ను బాగుచేయడానికి కూర్చున్నవాళ్లు క్యాబినెట్ విప్పకుండానే సగం పని తేల్చుకోవచ్చు. సొంత ఫొటో పెట్టుకునే సరదా కూడా తీరుతుంది, కాదనం. కానీ అసలు ఉపయోగం మాత్రం ఈ వివరాల్లోనే ఉంది.

పని మొదలుపెట్టేముందు ఒక మాట. ఫైళ్ల పేర్లు, రిజిస్ట్రీ (విండోస్ తన అమరికలు దాచుకునే చోటు) పేర్లు, ఆదేశాలు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు అవన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉండాలి, మామూలు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో. పెద్దక్షరమా చిన్నక్షరమా అన్నది విండోస్ పట్టించుకోదు. ఒక్క అక్షరం తప్పినా మాత్రం ఏ హెచ్చరికా ఇవ్వకుండా ఆ ఫైల్ అసలు లేనట్టే ప్రవర్తిస్తుంది.

ఎక్స్‌పీలో కావలసినవి రెండే ఫైళ్లు

ఒకటి ఓఈఎంఇన్ఫో.ఐఎన్ఐ, ఇది మామూలు టెక్స్ట్ ఫైల్. రెండోది ఓఈఎంలోగో.బీఎంపీ, ఇది బొమ్మ. రెండూ విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో ఉండాలి. విండోస్ 98 అయితే సిస్టమ్32 కాదు, విండోస్‌లోని సిస్టమ్ అనే ఫోల్డర్. పాత పద్ధతి గుర్తున్నవాళ్లు ఎక్స్‌పీలోనూ సిస్టమ్ ఫోల్డర్లో పెట్టి, ఏమీ మారలేదేమిటని తల పట్టుకుంటుంటారు.

ఎక్స్‌పీలో ఈ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కావాలి. లిమిటెడ్ ఖాతాతో సిస్టమ్32లోకి ఏమీ రాయలేరు.

కంపెనీ కంప్యూటర్ అయితే ఈ రెండు ఫైళ్లూ ముందే ఉండవచ్చు. వాటిని చెరపకుండా చివర .ఓల్డ్ చేర్చి పేరు మార్చి ఉంచండి. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: అదే ఫోల్డర్లో ఓఈఎంబయోస్ అనే పేరుతో .బిన్, .డాట్, .సిగ్ ఫైళ్లు కనిపిస్తాయి. పేరు దగ్గరగా ఉందని వాటి జోలికి వెళ్లకండి. కంపెనీ కంప్యూటర్లలో విండోస్ యాక్టివేషన్ వాటి మీదే ఆధారపడి ఉంటుంది. అవి పోతే మళ్లీ యాక్టివేట్ చేయమని అడుగుతుంది.

టెక్స్ట్ ఫైల్ రాయడం

నోట్‌ప్యాడ్ తెరిచి ఈ అమరికలో కొట్టండి. చదరపు బ్రాకెట్లలో ఉన్నవి, సమానం గుర్తుకు ఎడమవైపు ఉన్నవి మార్చకూడదు. కుడివైపున్నవి మీ ఇష్టం.

[జనరల్]
మాన్యుఫాక్చరర్=ఇంట్లో కూర్చినది
మోడల్=హాల్లో డెస్క్‌టాప్

[సపోర్ట్ ఇన్ఫర్మేషన్]
లైన్1=మదర్‌బోర్డ్: (మోడల్, రివిజన్)
లైన్2=ర్యామ్: డీడీఆర్2, 2 స్లాట్లు, రెండూ నిండాయి
లైన్3=" "
లైన్4=హార్డ్ డిస్క్: ఐడీఈ, మాస్టర్
లైన్5=బ్యాటరీ: సీఆర్2032, మార్చిన తేదీ
లైన్6=డ్రైవర్లు: డీ డ్రైవ్, డ్రైవర్స్ ఫోల్డర్

సపోర్ట్ ఇన్ఫర్మేషన్ అనే విభాగం పేరులో రెండు మాటల మధ్య ఖాళీ ఉంది. లైన్1, లైన్2లో మాటకూ అంకెకూ మధ్య ఖాళీ లేదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అంకెలు వరుస తప్పకూడదు కూడా. లైన్3 లేకుండా లైన్4 రాస్తే చదవడం లైన్2 దగ్గరే ఆగిపోతుంది, మిగతాది తెరమీదికి రాదు. మధ్యలో ఖాళీ గీత కావాలంటే పైన చూపినట్టు కొటేషన్ గుర్తుల మధ్య ఒక స్పేస్ పెట్టాలి. వరసను కాస్త లోపలికి జరపాలన్నా ఇదే మార్గం. కొటేషన్లు లేకపోతే సమానం గుర్తు తర్వాతి ఖాళీలను విండోస్ తీసిపారేస్తుంది, ఉంటే ఖాళీలను ఉంచి కొటేషన్లను మాత్రం తీసేస్తుంది. సెమీకోలన్‌తో మొదలైన వరసను వ్యాఖ్యగా వదిలేస్తుంది.

తయారీదారు, మోడల్ పేర్లు చిన్నవిగా ఉంటే మంచిది. జనరల్ ట్యాబ్‌లో ఆ చోటు ఇరుకు. వాటి పైన తయారుచేసి మద్దతు ఇచ్చేవారు అనే అర్థం వచ్చే ఇంగ్లీష్ శీర్షికను విండోసే పెడుతుంది. దాని కింద చదివితే పొసిగే పేరు రాయండి. లేని కంపెనీ పేరు తగిలించి అమ్మితే అది అలంకరణ కాదు, మోసం.

సేవ్ చేసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త కావాలి. మొదటిది ఫైల్ పేరు. నోట్‌ప్యాడ్ తనంతట తాను .టీఎక్స్‌టీ చేర్చేస్తుంది. విండోస్ మామూలుగా ఆ తోకను దాచిపెడుతుంది కాబట్టి చూడ్డానికి పేరు సరిగ్గానే ఉంటుంది, పని మాత్రం జరగదు. సేవ్ యాజ్‌లో పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇస్తే ఈ తోక అంటుకోదు. ఇప్పటికే అంటుకుందేమో చూడాలంటే ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కు వెళ్లి, తెలిసిన ఫైల్ రకాల ఎక్స్‌టెన్షన్లను దాచమనే టిక్ తీసేయండి.

రెండోది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి. మొత్తం ఇంగ్లీష్‌లో రాస్తే ఆన్సీ చాలు. తెలుగులో రాయాలంటే సేవ్ యాజ్ విండోలో కింద ఉన్న ఎన్‌కోడింగ్ పెట్టెలో యూనికోడ్ ఎంచుకోవాలి. ఆన్సీలో సేవ్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, వెనక్కి రావు. యూటీఎఫ్-8 కూడా పనికిరాదు. ఐఎన్ఐ ఫైళ్లను చదివే విండోస్ యంత్రాంగానికి ఆ పద్ధతి తెలియదు. పైగా నోట్‌ప్యాడ్ ఫైల్ మొదట్లో చేర్చే గుర్తు మొదటి వరసకు అంటుకుని, జనరల్ అనే విభాగం పేరునే గుర్తుపట్టకుండా చేస్తుంది. తయారీదారు పేరు రాకుండా సపోర్ట్ వివరాలు మాత్రం పిచ్చి అక్షరాల్లో వస్తున్నాయంటే కారణం ఇదే.

తెలుగు సరిగ్గా కనిపించడానికి ఇంకో ఏర్పాటు కూడా కావాలి. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్‌ల ఫైళ్లు ఇన్‌స్టాల్ చేయమనే పెట్టెలో టిక్ పెట్టండి. విండోస్ సీడీ అడుగుతుంది. సీడీలోని ఐ386 ఫోల్డర్ హార్డ్ డిస్క్‌లో ఉంటే దాని దారి చూపించినా చాలు. కంప్యూటర్ మళ్లీ మొదలయ్యాక గౌతమి ఫాంట్‌తో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. ఇది చేయకపోతే పెట్టెలే కనిపిస్తాయి. విండోస్ 98 నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ అనే మాటే లేదు. అక్కడ ఇంగ్లీష్‌తో సరిపెట్టుకోవాల్సిందే.

బొమ్మ కొలతలు

ఎక్స్‌పీలో లోగో 180 పిక్సెళ్ల వెడల్పు, 114 ఎత్తు మించకూడదు. పెయింట్ తెరిచి కంట్రోల్, ఈ నొక్కితే ఆట్రిబ్యూట్స్ వస్తుంది. యూనిట్లు పిక్సెళ్లుగా మార్చి ఈ కొలతలు ఇవ్వండి. పెద్ద ఫొటోను ఇక్కడే కుదించాలనుకుంటే కంట్రోల్, డబ్ల్యూ నొక్కి రెండు వైపులా ఒకే శాతం ఇవ్వాలి. 360కి 228 ఉన్న బొమ్మకు 50 శాతం ఇస్తే సరిగ్గా సరిపోతుంది. అయితే ఎక్స్‌పీ పెయింట్ కుదింపు చాలా మొరటు, అంచులు పళ్లు పళ్లుగా తేలతాయి. ఇర్ఫాన్‌వ్యూ లాంటి ప్రోగ్రామ్‌లో రీశాంపుల్ పద్ధతిలో తగ్గించి, తర్వాత బీఎంపీగా సేవ్ చేయడం మేలు. ముందే 30కి 19 నిష్పత్తిలో కత్తిరించుకుంటే ముఖాలు సాగిపోవు.

సేవ్ చేసేటప్పుడు 24-బిట్ బిట్‌మ్యాప్ ఎంచుకోండి. జేపీజీ ఫైల్‌కు చివర .బీఎంపీ అని పేరు మార్చితే అది బీఎంపీ అయిపోదు, లోపలి అమరిక వేరే. సరిగ్గా వచ్చిందో లేదో ఫైల్ సైజే చెబుతుంది. 180కి 114 బొమ్మ 24-బిట్‌లో పెయింట్ సేవ్ చేస్తే 61,614 బైట్లు ఉండాలి: పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున 61,560, ఫైల్ మొదట్లో ఉండే శీర్షానికి 54. అదే 256 రంగుల్లో అయితే 21,598. మీ ఫైల్ ఎనిమిదో పదో వేల బైట్లే ఉంటే అది ఇంకా జేపీజీయే అనుకోవచ్చు.

నేపథ్యం రంగు దగ్గర ఒక చిక్కుంది. తెల్లటి నేపథ్యం మీద గుండ్రటి లోగో పెడితే, విండో రంగుతో కలవక చుట్టూ తెల్ల చతురస్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్లాసిక్ థీమ్‌లో ఆ బూడిదరంగు విలువ 212, 208, 200. అదే రంగు పూస్తే బాగా కలిసిపోతుంది. ఎక్స్‌పీ నీలం థీమ్‌లో ట్యాబ్ నేపథ్యం పై నుంచి కిందికి కొద్దికొద్దిగా మారుతుంది కాబట్టి ఏ ఒక్క రంగూ పూర్తిగా అతకదు. అందుకని సన్నటి అంచు గీత ఉన్న దీర్ఘచతురస్రపు బొమ్మే ఎంచుకోండి. అప్పుడు అది కావాలని పెట్టిన ఫ్రేమ్‌లా ఉంటుంది.

రెండు ఫైళ్లూ సిస్టమ్32లో పెట్టాక రీస్టార్ట్ అక్కర్లేదు. సిస్టమ్ ప్రాపర్టీస్ మూసి మళ్లీ తెరిస్తే చాలు.

అందులో ఏం రాయాలో ఎక్కడ దొరుకుతుంది

స్టార్ట్ మెనూలోని రన్‌లో ఎంఎస్ఇన్ఫో32 కొడితే బయోస్ (కంప్యూటర్ మొదలవగానే బోర్డు మీద ముందుగా నడిచే ప్రోగ్రామ్) వెర్షన్, తేదీ, ప్రాసెసర్ వివరాలు వస్తాయి. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సిస్టమ్ఇన్ఫో అని కలిపి కొడితే విండోస్ మొదట ఇన్‌స్టాల్ చేసిన తేదీ కూడా చెబుతుంది. అక్కడే డబ్ల్యూఎంఐసీ బేస్‌బోర్డ్ గెట్ ప్రొడక్ట్ అని కొడితే మదర్‌బోర్డ్ మోడల్ వస్తుంది. ఎక్స్‌పీ హోమ్‌లో ఈ రెండు ఆదేశాలూ ఉండవు, ఎంఎస్ఇన్ఫో32 మాత్రం ఉంటుంది. హార్డ్‌వేర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ పాత కూర్పు ఉంటే ర్యామ్ స్లాట్ల వారీగా కూడా చూపిస్తుంది.

కూర్చిన కంప్యూటర్లలో కొన్నిసార్లు మోడల్ పేరు స్థానంలో తయారీదారు నింపాలి అనే అర్థం వచ్చే ఇంగ్లీష్ వాక్యం వస్తుంది. అది లోపం కాదు, ఆ గడిని ఎవరూ నింపలేదంతే. అప్పుడు క్యాబినెట్ మూత తీసి, పీసీఐ స్లాట్ల మధ్యో ప్రాసెసర్ పక్కనో బోర్డు మీద అచ్చేసిన మోడల్ పేరు, రివిజన్ నంబర్ చూసి రాసుకోవాలి. రివిజన్ వదిలేయకండి. ఒకే మోడల్‌లో రివిజన్ మారితే బయోస్ ఫైల్ కూడా మారవచ్చు, తప్పు ఫైల్ ఎక్కిస్తే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు.

పాస్‌వర్డ్‌లు, ప్రొడక్ట్ కీ ఇందులో రాయకూడదు. ఆ బటన్ ఎవరైనా నొక్కవచ్చు.

రిజిస్టర్ అయిన పేరు మార్చడం

పాత కంప్యూటర్ చేతులు మారినప్పుడు మొదట కంటికి గుచ్చుకునేది మునుపటి యజమాని పేరు. ఇది ఫైల్లో ఉండదు, రిజిస్ట్రీలో ఉంటుంది. రన్‌లో రెజ్ఎడిట్ కొట్టి హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్‌వెర్షన్ వరకు దిగండి. ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ చేసి ఆ కీ (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది) నకలు దాచుకోండి. కుడివైపు రిజిస్టర్డ్ఓనర్, రిజిస్టర్డ్ఆర్గనైజేషన్ మీద రెండుసార్లు క్లిక్ చేసి కొత్త పేరు రాయండి. విండోస్ 98లో ఈ రెండూ విండోస్ ఎన్‌టీ కింద కాకుండా ఉత్త విండోస్ కింద ఉన్న కరెంట్‌వెర్షన్‌లో ఉంటాయి. అదే కీలోని ప్రొడక్ట్ఐడీ, ప్రొడక్ట్‌నేమ్ విలువలను కదపకండి. ఏ విండోస్ మీద ఉన్నామో తెలుసుకోవడానికి కొన్ని ఇన్‌స్టాలర్లు అవే చదువుతాయి.

ప్రాసెసర్ పేరు కూడా మార్చవచ్చని కొందరు చెబుతారు. రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్, హార్డ్‌వేర్, డిస్క్రిప్షన్, సిస్టమ్, సెంట్రల్‌ప్రాసెసర్, 0 అనే చోట ఆ పేరు నిజంగానే ఉంది. కానీ ఆ భాగం డిస్క్‌లో నిలవ ఉండదు. ప్రతిసారీ కంప్యూటర్ మొదలైనప్పుడు విండోస్ దాన్ని కొత్తగా రాసుకుంటుంది. రీస్టార్ట్ కాగానే పాత పేరే వస్తుంది. పోనీయండి, అబద్ధం చెప్పే నామఫలకం ఎవరికి కావాలి?

అంకెలు తప్పుగా ఉన్నట్టు కనిపిస్తే

ర్యామ్ 512 ఎంబీ వేస్తే 448 లేదా 480 చూపిస్తుంది. మదర్‌బోర్డ్ మీది గ్రాఫిక్స్ తన వాటాగా 64 లేదా 32 ఎంబీ తీసేసుకుంది. బయోస్‌లో ఆ వాటా తగ్గించే అవకాశం ఉంటే ఉంటుంది. 4 జీబీ వేసినా 32-బిట్ ఎక్స్‌పీ మూడు చిల్లర జీబీలే చూపిస్తుంది. చిరునామాల్లో కొంత భాగాన్ని గ్రాఫిక్స్ కార్డు, ఇతర పరికరాలు వాడుకుంటాయి. ప్రాసెసర్ పేరులో 2.40 గిగాహెర్ట్జ్ అని ఉండి, దాని కింద తక్కువ అంకె కనిపిస్తే పని లేనప్పుడు వేగం తగ్గించుకునే ఏర్పాటు నడుస్తోందని అర్థం. ఫిజికల్ అడ్రస్ ఎక్స్‌టెన్షన్ అనే వరస సర్వీస్ ప్యాక్ 2 తర్వాత చాలా కంప్యూటర్లలో కనిపిస్తుంది. డేటా ఎగ్జిక్యూషన్ ప్రివెన్షన్ అనే రక్షణకు అది కావాలి. దాన్ని తీసేయాలని చూడకండి.

ఎంఎస్ఇన్ఫో32లో, డైరెక్ట్‌ఎక్స్ పరీక్షలో కనిపించే తయారీదారు పేరు బయోస్ నుంచి వస్తుంది. ఐఎన్ఐ ఫైల్ దాన్ని మార్చదు.

విండోస్ 7లో దారి వేరు

విస్టా నుంచి ఐఎన్ఐ ఫైల్ పద్ధతి పోయింది, అంతా రిజిస్ట్రీయే. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్ కింద ఓఈఎంఇన్ఫర్మేషన్ అనే కీ చూడండి, లేకపోతే సృష్టించండి. గమనించండి, ఇది విండోస్ కింద ఉంటుంది. యజమాని పేరు మాత్రం విండోస్ ఎన్‌టీ కిందే. ఈ రెండు కొమ్మలు కలగాపులగం చేసుకోవడమే ఇక్కడ జరిగే ప్రధానమైన పొరపాటు. కీ లోపల మాన్యుఫాక్చరర్, మోడల్, సపోర్ట్‌అవర్స్, సపోర్ట్‌ఫోన్, సపోర్ట్‌యూఆర్ఎల్, లోగో అనే స్ట్రింగ్ విలువలు తయారుచేసుకోవాలి. లోగోలో బొమ్మ ఫైల్ పూర్తి దారి రాయాలి. బొమ్మ 120కి 120 బీఎంపీ, 24-బిట్‌లో 43,254 బైట్లు. ఎక్స్‌పీ లోగోను అలాగే తెచ్చి పెడితే ఇక్కడి కొలత మించిపోతుంది.

లైన్1, లైన్2 లాంటి వరసలు ఇక్కడ లేవు కాబట్టి రాసుకునే చోటు తగ్గింది. మోడల్‌లో మదర్‌బోర్డ్ పేరు, సపోర్ట్‌అవర్స్‌లో ర్యామ్ వివరం రాసి సర్దుకోవచ్చు.

64-బిట్ విండోస్ 7లో ఒక తికమక ఉంది. 32-బిట్ ఫైల్ మేనేజర్‌తో సిస్టమ్32లోకి బొమ్మ కాపీ చేస్తే, విండోస్ దాన్ని చప్పుడు లేకుండా సిస్‌వావ్64 అనే ఫోల్డర్లోకి మళ్లిస్తుంది. దారి సరిగ్గా ఉన్నా లోగో రాదు. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌తోనే కాపీ చేయండి. రిజిస్ట్రీ విలువలు రాసిన .రెగ్ ఫైల్ ద్వారా దారి చేరుస్తుంటే ప్రతి వెనక్కి వాలిన గీతనూ (\) రెండుసార్లు రాయాలి, లేకపోతే ఆ విలువ సరిగ్గా చేరదు.

వివరాలు డెస్క్‌టాప్ మీదే కనిపించాలంటే

సిస్‌ఇంటర్నల్స్ వారి బీజీఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది. ఎక్స్‌పీకి పాత కూర్పే కావాలి, ఇప్పటివి అందులో నడవవు. తెరిచాక ఎడమ పెట్టెలో అక్కర్లేని వరసలు చెరిపేయండి. హోస్ట్ పేరు, ఐపీ చిరునామా, ఖాళీ డిస్క్ స్థలం, బూట్ సమయం ఉంటే ఇంటి కంప్యూటర్‌కు చాలు, అన్నీ ఉంచితే వాల్‌పేపర్ మొత్తం అక్షరాలే. కస్టమ్ ద్వారా ఒక రిజిస్ట్రీ విలువనో టెక్స్ట్ ఫైల్లోని విషయాన్నో కూడా తెచ్చి చూపించవచ్చు.

అమరికను .బీజీఐ ఫైల్‌గా సేవ్ చేసి, స్టార్టప్ ఫోల్డర్లో ఒక షార్ట్‌కట్ పెట్టండి. దాని టార్గెట్‌లో ప్రోగ్రామ్ దారి, తర్వాత .బీజీఐ ఫైల్ దారి, ఆ తర్వాత /టైమర్:0 ఉండాలి. ఆ చివరిది లేకపోతే లాగిన్ అయిన ప్రతిసారీ పది సెకన్ల కౌంట్‌డౌన్ విండో వస్తుంది. దారిలో ఖాళీలుంటే కొటేషన్లు తప్పనిసరి.

ఇది నిరంతరం నడిచే గడియారం లాంటిది కాదు. ఒక్కసారి బొమ్మ గీసి, వాల్‌పేపర్‌గా పెట్టి తప్పుకుంటుంది. కాబట్టి మెమరీ తినదు, ఖాళీ స్థలం అంకె మాత్రం లాగిన్ సమయానిదే. ఆ బొమ్మ మామూలుగా టెంప్ ఫోల్డర్లో ఉంటుంది. చెత్త ఊడ్చే ప్రోగ్రామ్ ఏదైనా దాన్ని చెరిపేస్తే వాల్‌పేపర్ మాయమవుతుంది. బిట్‌మ్యాప్ మెనూలోని లొకేషన్‌లో వేరే ఫోల్డర్ ఇస్తే ఆ బాధ ఉండదు.

కంప్యూటర్ ఇంకొకరికి ఇచ్చేస్తుంటే యజమాని పేరు మార్చి, స్టార్టప్ షార్ట్‌కట్ తీసేయండి. మోడల్, ర్యామ్, బ్యాటరీ తేదీ ఉన్న ఐఎన్ఐ ఫైల్‌ను మాత్రం అలాగే వదిలేయవచ్చు. అది అవసరమయ్యేది ఇక వాళ్లకే.